అక్కనడిగి చెప్త

డాక్టరు చాలాసేపు చెప్పాడు. కాగితం మీద రెండు గీతలు గీసి, ఈ గీతలో వాళ్లకు ఇప్పుడు వాడుకలో ఉన్న మందు ఇస్తాం, ఈ గీతలో వాళ్లకు దానితో పాటు కొత్త మందు కూడా ఇస్తాం అన్నాడు. ఎవరు ఏ గీతలో పడతారో తాను చెప్పలేడట, కంప్యూటరు చెబుతుందట. కొత్త మందు పని చేయవచ్చు, చేయకపోవచ్చు, లేని ఇబ్బందులు కొన్ని తేవచ్చు కూడా. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు బయటికి రావచ్చు, వచ్చినా వైద్యం ఆపరు. దీన్ని క్లినికల్ ట్రయల్ అంటారని, చేరాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టమని మళ్లీ మళ్లీ అన్నాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని మా ఆయన మొహంలోకి చూసి, "మీరేమంటారు?" అని అడిగాడు.

మా ఆయన జుట్టు రాలిపోయిన తల తడుముకున్నాడు. "మా అక్కనడిగి చెప్త సార్" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. ఒళ్లో ఆయన రిపోర్టుల సంచి, భుజాన నీళ్ల సీసా, చేతిలో ఆయన ఉమ్మడానికి తెచ్చుకున్న కవరు. ఏ బిళ్ల పరగడుపున వేయాలో, ఏది అన్నం తిన్నాక వేయాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. డాక్టరు ఒకసారి నా వైపు చూశాడు. పాపం, నేను ఏదైనా అంటానేమో అనుకున్నాడు కాబోలు. నేను నవ్వాను. లోపల మాత్రం భగ్గుమంది.

హైదరాబాదు నుంచి బస్సెక్కాక కామారెడ్డి దాటేదాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకు ఆ సంగతి తెలిసినట్టు కూడా లేదు. నా భుజం మీద తల పెట్టి పడుకున్నాడు. తల నా భుజం మీద, మనసు మోర్తాడులో, అక్క దగ్గర. భుజం లాగేసుకుందామా అని ఒకసారి అనిపించింది. లాగేసుకోలేదు, బస్సు కుదుపులకు మెడ నొప్పి పుడుతుందని ఇంకాస్త అటు జరిగి సర్దుకున్నాను. నా బతుకంతా ఇంతే.

ఆయనకు వచ్చింది రక్తంలో పుట్టే క్యాన్సరు. పసుపు తవ్వకాలప్పుడు నడుము నొప్పి అంటే పనివల్ల అనుకున్నాం. నిజామాబాదులో ఒక దవాఖానా, అక్కణ్నుంచి హైదరాబాదు. మొదటి మందు కొంతకాలం బాగా పట్టింది, మళ్లీ చేనుకు పోయి గట్ల మీద తిరిగాడు కూడా. తర్వాత పట్టు తప్పింది. రెండో మందు అసలు పట్టనే లేదు. ఇప్పుడు మూడోది ఇవ్వాలి, అది ఎన్నాళ్లు కాపాడుతుందో డాక్టరే చెప్పలేకపోయాడు. అందుకే ఈ ట్రయల్ మాట వచ్చింది. బస్సులోనే నేను తేల్చుకున్నాను, చేరాలి అని. ఉన్న మందు ఎలాగూ రెండు గీతల్లోనూ ఉంది. కొత్తది కూడా దక్కితే దక్కనీ అనుకున్నాను. ఆయన అడిగితే చెబుదామని నాలుక చివర పెట్టుకుని కూర్చున్నాను. ఆర్మూరు బస్టాండులో దిగేదాకా అడగలేదు. దిగి, మామిడిపల్లి వైపు ఆటో ఎక్కగానే ఫోను తీశాడు.

"అక్కా, రేపు జర వస్తవా? మాట్లాడేదుంది."

నా ఆడబిడ్డ గురించి చెప్పాలి. ఆమె మా ఆయన కంటే పెద్దది, మోర్తాడులో ఇచ్చారు. భర్త చాలా ఏళ్లుగా మస్కట్‌లో ఉంటాడు, ఈమె బీడీలు చుట్టుకుంటూ ఇల్లు నడుపుకుంటుంది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. గొంతు పెద్దది. మా ఇంటికి వచ్చిందంటే గేటు దగ్గర నుంచే "తమ్మీ" అని పిలుస్తూ వస్తుంది. నన్ను పిలవదని కాదు, పిలుస్తుంది, తర్వాత.

పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ నేను ఆమె వెనకే ఉన్నాను. మా ఇంట్లో పసుపు పంట పెట్టేటప్పుడు మొదటి కొమ్ము ఆడబిడ్డ చేత్తోనే నాటించాలి. వానలు పడి సాళ్లు తీయగానే ఆమెకు కబురు పోతుంది. ఆమె వస్తే కాళ్లు కడిగి బొట్టు పెట్టి చేనుకు తీసుకెళ్తారు. ఆమె వంగి ఒక్క కొమ్ము పెట్టి మట్టి కప్పాకే నేను వంగాలి. పెంట ఎరువు మోసింది నేను, విత్తనం కొమ్ములు ఒక్కొక్కటీ ఏరింది నేను, ఎండలో నడుము పడిపోయేలా కలుపు తీసేది నేను. మొదటి చేయి మాత్రం ఆమెది. వెళ్లేటప్పుడు ఆమెకు కొత్త చీర, ఒడి నిండా బియ్యం. నా కుళ్లు చీర మీద కాదు. చీర మీద కూడా కుళ్లే, అబద్ధమెందుకు, మంచి చీరలే పెట్టేవాళ్లు.

ఒక ఏడు వాన తెరపి ఇవ్వకుండా కురిసి చేనంతా దుంపకుళ్లు పట్టింది. తవ్వితే కొమ్ములు చేతిలో మెత్తగా చిదిగిపోయాయి, ఒకటే వాసన. అప్పుడు మా అత్త బతికే ఉంది. కూతురిని పిలిపించి వాకిట్లో నిలబెట్టి, "ఏం ఘడియల పెట్టినవే నీ చెయ్యి, ఇల్లు ముంచినవ్ గదనే" అని వాడంతా వినేలా తిట్టింది. ఆమె చెంబెడు నీళ్లు తాగి, చెప్పులేసుకుని బస్సుకు పోయింది. నేను వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుని సంబరపడ్డాను. వచ్చే ఏడు నా చేయి అనుకున్నాను. వచ్చే ఏడు మళ్లీ ఆమెకే కబురు పోయింది.

ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా బిడ్డకు పేరు పెట్టింది కూడా ఆమే. ఇవి పాతవి, పోనీ అనుకుంటే, జబ్బులో కూడా ఇదే వరస. మందులు పడ్డ రోజుల్లో ఆయనకు నోరు చేదెక్కి ఏదీ పోయేది కాదు. నేను పచ్చిపులుసు చేస్తే గిన్నె పక్కకు నెట్టేవాడు. ఆమె అదే చింతపండు, అదే ఉల్లిగడ్డ, నా వంటింట్లోనే పిసికి పెడితే అన్నంలో కలుపుకుని రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. నా చేతి పచ్చిపులుసుకు ఏం రోగమొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పటికీ పొద్దున లేవగానే ఆయన మొదటి ఫోను మోర్తాడుకే. నేను చాయ్ తెచ్చి పక్కన పెట్టి, అది చల్లారేదాకా నిలబడి చూస్తుంటాను.

అలా ఆమె వచ్చింది. బీడీల చాట కూడా వెంట తెచ్చుకుంది, పని ఆగకూడదని. మా ఆయన అరుగు మీద కూర్చుని రెండు గీతల సంగతి అంతా చెప్పాడు. డాక్టరు చెప్పినదాని కంటే బాగా చెప్పాడు. అన్నీ అర్థమయ్యాయన్నమాట. నాకు చెప్పలేదు, ఆమెకు చెప్పాడు, నేను స్తంభానికి ఆనుకుని విన్నాను. ఆమె ఆకు కత్తిరిస్తూనే విని, చివరకు ఒక్కటే అడిగింది.

"పోకపోతే ఏమైతదట?"

"ఉన్న మందు ఒక్కటే ఇస్తరట. గది ఎంత దూరం పట్టుకొస్తదో తెల్వదట."

ఆమె కత్తెర పక్కన పెట్టింది. "మరి ఇంకేంది? తీసుకో తమ్మీ. నేను చెప్తున్న, తీసుకో" అంది.

నేను బస్సులో అనుకున్న మాటే అది. నా నాలుక చివర ఉన్న మాటే. అది ఆమె నోట్లోంచి వచ్చేసరికి నా ఒళ్లంతా మండిపోయింది. "వద్దు" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. అంతకు ముందు రోజే పక్కింటి ముస్లిం పెద్దామె, మా చాచి, గోడ మీది నుంచి, "ఎలుకల మీద జేసేటియి మనుషుల మీద జేస్తరంట గద బేటీ, జర ఆలోచించుండ్రి" అంటే, అట్లా కాదు చాచీ అని ఆమెకు అంతా విడమరిచి చెప్పింది నేనే. ఇప్పుడు ఆ చాచి మాటలే అరువు తెచ్చుకున్నాను. "ఈయనేమన్న ఎలుకనా? గంత మంచి మందైతే మెడికల్ షాపుల అమ్మకపోదురా? ఏమన్న అయితే ఎవరు చూస్తరు? మోర్తాడ్ నుంచి వచ్చి చూస్తరా?" అన్నాను. చివరి మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను.

ఆడబిడ్డ నన్ను చూసింది, తిట్టలేదు. చాట తీసుకుని లోపలి గదిలోకి పోయింది. కానీ మోర్తాడు వెళ్లిపోలేదు. వెళ్లిపోయి ఉంటే బాగుండేది, నాకు గెలిచినట్టు ఉండేది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరి మాట వాళ్లదే. ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆస్పత్రిలో ఈ ట్రయల్ పనులు చూసుకునే అమ్మాయి ఫోను చేసి ఏమనుకున్నారండీ అంటే, "ఇంట్ల మాట్లాడుకుంటున్నమమ్మా" అనేవాడు. ఇంట్లో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. మరోసారి ఆ అమ్మాయే, ఇంక ఎక్కువ రోజులు ఆగలేమండీ, చేర్చుకునేది కొద్దిమందినే, అవతల ఎదురుచూసేవాళ్లున్నారు అని మర్యాదగానే చెప్పింది. ఆయన ఫోను ఛాతీ మీద పెట్టుకుని, "అక్క ఒకటంటది, నువ్వొకటంటవు. నేనేం జెయ్యాలె?" అన్నాడు. ఆ మాటలో కూడా అక్కే ముందుంది. నేను చాయ్ గ్లాసు తీసుకుని అవతలికి వెళ్లాను.

ఆ మర్నాడు స్నానానికి పోతూ ఆయన వాకిట్లో సగం దూరంలోనే కూర్చుండిపోయాడు. పడలేదు, కాళ్లు మడిచి మెల్లగా కూర్చున్నాడు, ఏదో కింద పడితే వెతుక్కుంటున్నట్టు. నేను అటు నుంచి, ఆమె ఇటు నుంచి పరుగెత్తాం. చెరో రెక్క పట్టుకుని లేపాం. ఆయన ఎంత తేలికైపోయాడో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాక నా పంతానికి ఈ మనిషి పోతాడు అని మొదటిసారి భయం వేసింది.

భయం వేసినా నోరు ఊరుకోదు కదా. ఇంటి వెనక కల్లంలో ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది. ఆమె అందులో నడుస్తూ కాళ్లతో కొమ్ములు తిరగేస్తోంది. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"వదినే, నేను ఈ ఇంటికి వచ్చినప్పటి సంది చూస్తున్న. ప్రతి దానికీ నువ్వే. కొమ్ము పెట్టుడు నువ్వే, పిల్లకు పేరు పెట్టుడు నువ్వే, ఇప్పుడు మొగని పానం మీద మాట కూడా నువ్వేనా? నేనెవరిని మరి? వండి పెట్టేదాన్నా?"

ఆమె నడక ఆపలేదు. కొమ్ములు గలగలమంటూనే ఉన్నాయి. "పోయినేడాది సంది నువ్వు జేస్తున్నది నాకు తెల్వదా పిల్లా" అంది.

"తెలిస్తే మరి?"

అప్పుడు నిలబడింది. "దుంపకుళ్లు వచ్చిన ఏడు మా అవ్వ నన్ను వాకిట్ల నిలబెట్టి తిట్టింది, యాదికుందా? నేను చెప్పులేసుకుని పోయిన. మోర్తాడ్‌ల నా ఇల్లు నాకుంది, నా బీడీలు నాకున్నయి. గా కొమ్ము నువ్వు పెట్టి ఉంటే? నిన్ను తిట్టేది. నువ్వేడికి పోదువు? గీ ఇంట్లనే, గామె ముంగటనే, ఏండ్లకేండ్లు తిట్లు తింటూ పడి ఉండాలె. గా నింద ఇంటి కోడలి చెయ్యి మీదికి రావద్దనే ఆడబిడ్డతోని పెట్టిస్తరు. నాకు మా మేనత్త చెప్పింది, ఆమె చెయ్యి మీద కూడ ఓసారి పంట పోయిందట."

నేను వంగి కాలి కింద పడ్డ కొమ్ములను పక్కకు జరిపాను.

"గిదీ గంతే" అంది ఆమె, మళ్లీ కాలు కదుపుతూ. "వాడు నన్నెందుకు పిలిచిండనుకున్నవ్? రేపు గా మందుతోని ఏమన్న అయితే, ఎవరు చెప్పిన్రు అంటరు. మా అక్క చెప్పింది అంటడు. నన్ను తిడతరు, నేను పడత. నువ్వు చెప్పినవనుకో, నీ బిడ్డనే రేపు నిన్ను అడుగుతది. నువ్వే నిన్ను అడుక్కుంటవు. గట్ల కావద్దనే పిలిచిండు. నాకు ఫోన్లనే తెలిసింది."

ఇంత మంచి మాట విన్నాక ఎవరైనా కరగాలి. నేను కరగలేదా అంటే, కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజమే. కానీ ఆ నీళ్ల కింద అసూయ ఇంకా ఎగదన్నింది. అంటే వీళ్లిద్దరూ నా గురించి ఒక మాట అనుకోకుండానే అనుకున్నారన్నమాట. ఫోనులో ఒక్క "జర వస్తవా"తో ఆయన అడిగేశాడు, ఆమె ఒప్పుకుంది. అంత దగ్గరితనం నాకు ఆయనతో ఎప్పుడు ఉంది? నన్ను కాపాడారట. కాపాడటానికి నేనేమైనా చుట్టాన్నా? మంచి అయితే ముందు ఆమె, చెడు అయితే కూడా ముందు ఆమెనే. ఇంత చాకిరీ చేసిన నాకు చివరకు నింద కూడా దక్కనివ్వరా?

"నేను చెప్త" అన్నాను. "నా మాట మీదనే పోతడు."

"పిచ్చిదానివా? ఏమన్న అయితే?"

"నా మీదనే పడనియ్."

"నీకు తెల్వది అది ఎంత బరువుంటదో."

"నీకొక్కదానికే తెలుసా? నువ్వే మొయ్యాలని రాసిచ్చిన్రా?"

చాచి గోడ అవతల నుంచి తల ఎత్తి చూసి, ఏదో ఆస్తి తగాదా అనుకుని మెల్లగా దించేసుకుంది. మేమిద్దరం ఎండలో పసుపు మీద నిలబడి, మనిషి పోతే తిట్లు ఎవరు తినాలన్నదానికి కొట్లాడుకుంటున్నాం.

నేను లోపలికి పోయి మంచం పక్కన కూర్చున్నాను. "పోదాం. చేరుదాం. నేను చెప్తున్న" అన్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. "వద్దంటివి గద?"

"అప్పుడు వద్దన్న. ఇప్పుడు పోదామంటున్న."

"అక్క చెప్పిందా?"

"అక్క చెప్పింది అవతల పెట్టు. నేను చెప్పింది పట్టుకో."

ఆయన నా మొహం చూసి తనలో తానే నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లో అయింది. నాకైతే కోపమే వచ్చింది, ఇదేమైనా నవ్వే సంగతా అని.

ముగ్గురం కలిసి హైదరాబాదు వెళ్లాం. ఆమెను రావద్దని నేను అనలేదు, ఆయన రమ్మనీ అనలేదు, బస్సు దగ్గరికి వచ్చి నిలబడింది అంతే. రక్తం తీయాలన్నా, స్కానులు తీయాలన్నా ముందు ఆయన ఒప్పుకోవాలన్నారు. అక్కడే తెలిసింది, ఒప్పుకున్నట్టు సంతకం పెడితే చాలదట, మనిషి తన నోటితో చెబుతుండగా వీడియో తీస్తారట. ఎవరో బలవంతంగా చేర్పించారని రేపు అనకుండా. చిన్న గది, లోపలికి ఒక్కరినే ఆయనతో రమ్మన్నారు. ఆడబిడ్డ తనంతట తానే బయటి బెంచీ మీద కూర్చుంది. నేను లోపల కెమెరా వెనక నిలబడ్డాను.

డాక్టరు అన్నీ మళ్లీ అడిగాడు. ఏం మందు, ఏం ఇబ్బందులు రావచ్చు, ఎప్పుడు మానేయవచ్చు. ఆయన అన్నింటికీ మెల్లగా, తప్పు లేకుండా చెప్పాడు. "ఇది మీ అంతట మీరే తీసుకున్న నిర్ణయమేనా?" అని అడిగాడు డాక్టరు.

ఆయన నోరు తెరిచేలోగా, "నేను చెప్పిన సార్" అన్నాను.

ఫోను చేసే ఆ అమ్మాయే వీడియో తీస్తోంది. ఆపేసింది. "అమ్మా, మీరు మాట్లాడితే మళ్లీ మొదటి నుంచి తీయాలి. ఇందులో ఆయన మాట ఒక్కటే ఉండాలి" అంది.

మళ్లీ మొదటి నుంచి తీశారు. మళ్లీ అదే ప్రశ్న దాకా వచ్చారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు, తలుపు వైపు చూడలేదు, కెమెరా వైపే చూశాడు.

"నాదే సార్. ఎవ్వలు బలవంతం జెయ్యలే. ఇంట్ల ఇద్దరు నేనంటే నేనని కొట్లాడిన్రు గాని, పానం నాది. మంచిగైతే మంచిగైతది. రేపు ఏమన్న అయితే గది నా మీదనే. మా అక్క మీద లేదు, నా ఇంటిదాని మీద లేదు. వాళ్లను ఎవ్వలు ఒక్క మాట అనొద్దు. గిది గిట్లనే ఉంచుండ్రి."

ఆ అమ్మాయి వీడియో ఆపి కళ్లజోడు తుడుచుకుంది. నేను మాత్రం ఆ మాట ఇంట్లో, మంచం మీద, నాతో అని ఉంటే ఏం పోయేది అనుకున్నాను. ఇన్నేళ్ల సంసారంలో ఆయన అన్న అతి పెద్ద మాట, ముక్కూ మొహం తెలియని పిల్ల పట్టుకున్న కెమెరాతో అన్నాడు.

సంతకాలు అవుతుంటే బయటికి వచ్చాను. తలుపు మూసి ఉండటంతో ఆమెకు ఏమీ వినిపించలేదు. బెంచీ మీద నుంచి సగం లేచి, "ఏమన్నడు? ఎవరు చెప్పిన్రని అడిగిన్రా? నా మాట చెప్పిండా?" అంది. అడుగుతూనే వీపు వంచింది, తిట్లు పడేటప్పుడు వంచినట్టు. దుంపకుళ్లు ఏడు కూడా ఆమె ఇలాగే నిలబడి ఉంటుంది, నేను వంటింట్లో ఉండి చూడలేదు.

చెప్పకుండా ఉందామనుకున్నాను. ఒప్పుకున్నాడు అంతే అని ఊరుకుంటే, ఆ మాట నా ఒక్కదానికే ఉండిపోతుంది. ఆయన దగ్గర నేను విని ఆమె వినని మాట అదొక్కటే. ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె ఇంకా నా మొహమే చూస్తోంది.

"ఏమన్న అయితే నీ మీద లేదన్నడు వదినే. నిన్ను ఎవ్వలు ఒక్క మాట అనొద్దన్నడు" అన్నాను.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. అంత పెద్ద గొంతు మనిషి, చప్పుడు లేకుండా ఊగిపోతూ ఏడ్చింది. నేను ఆమె వీపు మీద చేయి వేశాను. మనసులో ఉంచుకోలేక మిగతాది కూడా చెప్పేశాను.

"ముందుగాల నిన్నే అన్నడు. నన్ను తర్వాత."